ఆ పాత సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటున్నాను

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. ఎస్తేరమ్మ లేచిందంటే గంటకు తక్కువ మాట్లాడదని మీలో కొందరు అప్పుడే గోడకు ఆనుకుంటున్నారు, చూస్తూనే ఉన్నాను! ఈరోజు అంతసేపు పట్టదు. ఆరేళ్ళ క్రితం మన కామాటిపురాలో ఇదే గదిలో, ఇదే కిటికీ పక్కన నిలబడి నేనొక సాక్ష్యం చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టి హల్లెలూయ అన్నారు. ఆ సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడానికే ఇవాళ లేచాను.

అవి మిల్లు సమ్మె రోజులు. మా ఆయన, మా తమ్ముడు దావీదు ఇద్దరూ వర్లిలో ఒకే మిల్లులో పనిచేసేవారు, మా రెండు కాపురాలూ మిల్లు కూలీల వరుస గదులుండే ఒకే చాల్‌లో పక్కపక్కనే. సమ్మె ఏడాది దాటింది, పొయ్యి వెలగని ఇళ్ళే ఎక్కువ, అయినా మా చాల్ నుంచి ఒక్కరూ మిల్లు గేటు దాటలేదు, చావైనా బతుకైనా అందరికీ ఒకటే అన్నట్టు ఉండేవాళ్ళం. అలాంటప్పుడు నా తమ్ముడు, అమ్మ పోయాక నేను చంకనేసుకుని ముద్దలు పెట్టి పెంచిన తమ్ముడు, ఒకరోజు పొద్దున్నే పోలీసు కాపలాతో వచ్చిన లారీ ఎక్కి మిల్లులోకి వెళ్ళిపోయాడు! వాడి భార్య రూతు టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో ఉంది, మందులకు దారి లేదు, అందుకే వెళ్ళాడు. ఆ సంగతి నాకు తెలియదనుకునేరు, తెలుసు. తెలిసే చేశాను నేను చేసింది.

ఏం చేశానంటే, ఫాక్‌లాండ్ రోడ్డులో గాజులమ్మే అతని దగ్గరికి వెళ్ళి డజను ఆకుపచ్చ గాజులు అడిగాను. ఏ సైజని అడిగాడు. సైజుతో పనిలేదు, మగాడికి అన్నాను. సమ్మెను కాదని పనికెళ్ళిన వాళ్ళకు ఆడవాళ్ళు గాజులిచ్చి పరువు తీయడం ఆ రోజుల్లో మన చాల్‌లలో ఉన్నదే, కానీ సొంత అక్క ఇవ్వడం నేనెక్కడా వినలేదు. సాయంత్రం వాడు పని నుంచి వస్తుంటే పదిమంది ఆడవాళ్ళను వెంటేసుకుని మెట్ల దగ్గర నిలబడి, "ఇగ తొడుక్కోరా, నీకు గివే అందం!" అని వాడి చేతిలో పెట్టాను. చాల్ మొత్తం నవ్వింది. వాడు వాటిని కింద పడేయలేదు, నన్ను తిట్టనూ లేదు, గాజులు పట్టుకుని అలాగే మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

దాంతో నా కడుపు చల్లారిందా అంటే లేదు! రూతు ఆసుపత్రి నుంచి వచ్చి కుళాయి దగ్గర బిందె పెడితే వరుసలోంచి తీయించాను. ఇక రోజూ మోకాళ్ళ మీద పడి, "ప్రభువా, ఏ చేతులతో వాడు మా నోటికాడి కూడు తీసిండో ఆ చేతులు పడగొట్టు తండ్రీ, ఆమెన్" అని గొంతు చించుకునేదాన్ని, దాన్నే ప్రార్థన అనుకునేదాన్ని, ఎంత గుడ్డిదాన్నో చూడండి! కొన్నాళ్ళకు కబురొచ్చింది. అలవాటు లేని యంత్రం దగ్గర నిలబెట్టారట, దావీదు కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి.

తర్వాతి ఆదివారమే నేనిక్కడ లేచి నిలబడి, నా దేవుడు నా మొర విన్నాడు, నా పక్షాన న్యాయం తీర్చాడు అని సాక్ష్యం చెప్పాను. పేరు చెప్పలేదు, చెప్పే పని కూడా లేదు, వాడు కట్టు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకుని ఆ చివరి చాప మీదే కూర్చున్నాడు. మీ హల్లెలూయలు ఆగకముందే లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. నెల తిరక్కుండా గది కూడా ఖాళీ చేసి పక్క గల్లీకి మారిపోయారు.

ఆ రోజు హల్లెలూయ అనని మనిషి ఒక్కతే, ఈ గది ఊడ్చే మన సంతోషమ్మ అవ్వ. గుమ్మం దగ్గర నా చేయి పట్టుకుని, "ఎస్తేరూ, నీ తమ్ముని వేళ్ళు దేవుడే తెంపిండంటున్నవ్. మరి తన చేతులకు మేకులు కొట్టినోళ్ళను ఆయనేం జేసిండే?" అంది. నీ పని నువ్వు చూస్కో అవ్వా అని చేయి విదిలించుకుని పోయాను.

కానీ ఆ మాట నన్ను వదల్లేదు సహోదరులారా! మోకాళ్ళూనితే ఆ శాపం తప్ప వేరే మాట వచ్చేది కాదు. కడుపులో నొప్పి పట్టుకుంది, రెండు ముద్దలు తింటే మెలికలు తిరిగిపోయేదాన్ని, డాక్టర్లు అన్నీ చూసి ఏమీ లేదమ్మా అన్నారు. సమ్మె పోయింది, మిల్లు పోయింది, మా ఆయన దాదర్‌లో కూరగాయల బండి తోస్తున్నాడు, నా కోపానికి మాత్రం పని పోలేదు. అలా నాలుగేళ్ళు!

చివరికి సిగ్గు విడిచి, నా నొప్పికోసం ప్రార్థన చెయ్యమని ఆ అవ్వనే అడిగాను. "నీకోసం నేను చేస్త. దావీదు కోసం నువ్వు చెయ్యి, పేరు వెట్టి చెయ్యి" అంది. ఇంటికొచ్చి "ప్రభువా, దావీదు" అన్నాను, అంతే, ఆ తర్వాత మాట రాలేదు. వారం రోజులూ అంతవరకే. ఎనిమిదో రోజు మాత్రం, "ప్రభువా, దావీదు... ఆ చేత్తో అన్నం కలుపుకోనీకి వస్తుందో రాదో తండ్రీ" అని నా నోటి నుంచి వచ్చింది! ఇక చూడండి, కుళాయి విప్పినట్టు ఏడ్చాను, నాలుగేళ్ళలో ఒక్కసారీ అనుకోని మాట ఆ రోజు నాతో ఎవరు అనిపించారు? నా దేవుడే! ఆ పూట కడుపునిండా తిన్నాను, నొప్పి రాలేదు, ఇప్పటిదాకా రాలేదు, దేవునికే మహిమ!

అప్పుడే తెలిసింది, ఇన్నేళ్ళకు రూతుకు ఏడో నెలని. గాజులు తొడగాల్సింది ఆడబిడ్డే, ఆ ఆడబిడ్డను నేనే. మళ్ళీ ఫాక్‌లాండ్ రోడ్డుకు వెళ్ళాను, మళ్ళీ అవే ఆకుపచ్చ గాజులు, ఏ సైజని మళ్ళీ అడిగాడు. నా మరదలి చేయి ఎంతుంటుందో నాకు తెలియలేదు! అంచనాగా తీసుకుని వెళ్ళి తలుపు కొట్టాను. దావీదు తీశాడు, కాగితంలోంచి గాజులు కనబడగానే కుడిచేయి వెనక్కి దాచుకున్నాడు.

"అక్కా, గీసారి గూడ నాకేనా?" అన్నాడు.

లోపలి నుంచి రూతు వచ్చి, "గవి నాకు గదా వదినా, రా లోపటికి" అని రెండు చేతులూ చాచింది. ఆమె బిందెను తీయించిన నాకు ఆమె చేతులు చాచింది! గాజులు బిగుతయ్యాయి, సబ్బు రాసి ఎక్కిస్తుంటే దావీదు చెంబు తెచ్చి ఆ మూడు వేళ్ళతోనే నీళ్ళు పోశాడు. ఆ చేయి పట్టుకుని నా కళ్ళకద్దుకున్నాను. నీమీద నేనేం ప్రార్థన చేశానో నీకు తెలియదురా, నన్ను క్షమించు అన్నాను.

"తెల్సక్కా. గోడ పల్చగుండె గదా, రోజు ఇనబడేది. నువ్వు ఆమెన్ అన్నప్పుడు నేను గూడ అన్న. తప్పు నాదే అనుకున్న" అన్నాడు. నేను బావురుమన్నాను. "ఇగ ఊకో అక్కా, నీళ్ళన్నీ ఒలుకుతున్నయ్" అని వాడే నా కళ్ళు తుడిచాడు.

కాబట్టి సహోదరులారా, ఆ వేళ్ళు తెంపింది నా దేవుడు కాదు. ఆయన చేసిన పని నాలోపల జరిగింది. మీకూ ఎవరిమీదనో పళ్ళు కొరుక్కునే కోపం ఉంటే, పెద్ద ప్రార్థనలేమీ వద్దు, ఇవాళ ఇంటికెళ్ళి ఆ పేరు ఒక్కటి ఆయన ముందు పలకండి, మిగతాది ఆయనే పలికిస్తాడు, నమ్మండి!

అదిగో, మా తమ్ముడు అదే చివరి చాప మీద కూర్చున్నాడు, ఒళ్ళో వాడి కూతురు నిద్రపోతోంది. పాపను రూతుకిచ్చి ముందుకు రారా దావీదూ, ముగింపు ప్రార్థన నువ్వు చెయ్యి. చెయ్యెత్తి చెయ్యి, ఆ చెయ్యే. ఈసారి ఆమెన్ నేనంటాను.