మేడ మీద తవుడు

గొడ్లసావిట్లో తవుడు డబ్బా మూత తీసి ఉంది. అక్కణ్ణుంచి మేడమెట్ల దాకా చిన్న చిన్న పాదాల గుర్తులు, లేత గోధుమరంగులో, మెట్టుకొకటి చొప్పున పైకి వెళ్ళాయి. గేదెకు కలపడానికి బకెట్ పట్టుకుని వెళ్ళినదాన్ని వాటిని చూసి నవ్వుకున్నాను కూడా. అంతలో పైనుంచి మా అబ్బాయి గొంతు: "కదలకు, జారుతోంది!" ఆ వెంటనే మా అమ్మాయి నవ్వు. తవుడు పైకి ఎందుకు వెళ్ళిందో అప్పుడు అర్థమైంది. బకెట్ అక్కడే వదిలేశాను.

మా మేడకు పిట్టగోడ నా మోకాలి ఎత్తే ఉంటుంది. వచ్చే పంటకు లేపిద్దాం అని మూడు పంటలుగా అనుకుంటూనే ఉన్నాం.

పైకి వెళ్ళేసరికి గచ్చంతా పల్చగా తవుడు చల్లి ఉంది. దాని మీద కాళ్ళు జారిన వంకర గీతలు. పదేళ్ళ మా వాడు పిట్టగోడకు రెండు బారల దూరంలో నిలబడి ఉన్నాడు. ఏడేళ్ళ చెల్లెలు వాడి కుడి భుజం మీద మోకాలు ఆనించి, రెండు చేతులూ చాచి, ముఖం ఆకాశానికి ఎత్తి ఉంది. వాడు దాని నడుము పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నాడు. తిరిగిన ప్రతిసారీ గోడవైపు ఒక అడుగు జరుగుతున్నాడు. ఆ సంగతి వాడికి తెలియడం లేదు. కింది పెదవి పళ్ళ మధ్య బిగించి ఉంది.

అరిస్తే వాడు ఉలిక్కిపడతాడు. పరుగెత్తితే నేనే జారిపడతాను. ఏం చేయాలో ఆలోచించానని చెప్పలేను. నోరు దానంతటదే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "ఒకటి, రెండు, మూడు. ఒకటి, రెండు, మూడు." మొదటి అడుగు పెద్దది, తర్వాతి రెండూ చిన్నవి, పాదం నేలకు అంటించి. పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా వేయని అడుగులు అవి. వాడు నా లెక్కలో పడ్డాడు. తిరగడం నెమ్మదించింది. దగ్గరికి వెళ్ళి, అమ్మాయి నడుము చుట్టూ చెయ్యి వేసి, కిందికి దించాను.

"సాకమ్మా," అన్నాడు వాడు. చాలమ్మా అని. ఇంట్లో మాతో తెలుగే మాట్లాడతాడు, భయమేస్తే మాత్రం బడిలోని కన్నడం వస్తుంది. ఆ మాటను ఎంతసేపటి నుంచి నోట్లో అట్టేపెట్టుకున్నాడో.

అమ్మాయి మాత్రం నా మీద విరుచుకుపడింది. "ఇంకొక్క చుట్టు అయితే మూడు అయిపోయేవి! అంతా చెడగొట్టావు!" అంటూ కాలు నేలకేసి కొట్టింది. ఆ కాలే జారి, చతికిలబడింది.

"తవుడు ఎవరు చల్లమన్నారే?"

"నువ్వే! గుంతకల్లులో నేల మీద పౌడరు చల్లేవాళ్ళం, కాళ్ళు పడవల్లా పోయేవి అని చెప్పలేదూ?"

"అది పౌడరు."

"పౌడరు డబ్బా ఖాళీ చేస్తే నువ్వు తిడతావుగా!"

చీపురు తెచ్చి గచ్చంతా ఊడ్చాను.

ఆదివారం రాయచూరులో టీవీ డాన్సు పోటీకి పిల్లల్ని ఎంచుకుంటారు. దాని కోసమే ఈ సాధన అంతా. జవళగేరలో ఒక కుర్ర మాస్టారు శని, ఆదివారాలు డాన్సు నేర్పుతాడు. అన్నాచెల్లెళ్ళు జంటగా చేస్తే బాగుంటుందని, చివర్లో చెల్లెల్ని భుజం మీదికి ఎత్తి మూడు చుట్లు తిరగాలని నిర్ణయించింది ఆయనే. మేమూ సరేనన్నాం. క్లాసులో కింద చాప ఉంటుంది, పక్కన మాస్టారు ఉంటాడు. ఇంటికి వచ్చి మేడ మీద చేస్తారని నాకు తోచలేదు. ఎదురింటి మెట్ల మీద ఎవరి పిల్లాడు పరుగెత్తినా కేకలేసేదాన్ని, నా ఇంటి మీద ఏం జరుగుతుందో చూసుకోలేదు.

గుంతకల్లు సంగతి చెప్పాలి.

మా నాన్న గుంతకల్లులో రైల్వే గుమాస్తా. క్వార్టర్సులో మా గోడవతల ఒక ఆంగ్లో ఇండియన్ ముసలావిడ ఉండేది. భర్త రైలు డ్రైవరుగా చేసి పోయాడు. అందరం ఆంటీ అనేవాళ్ళం. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా, సాయంత్రాలు మమ్మల్ని నలుగురు అమ్మాయిల్ని రైల్వే వాళ్ళ క్లబ్బుకు తీసుకెళ్ళి మూడు లెక్కకు జంటగా తిరిగే వాల్ట్జ్ డాన్సు నేర్పింది. అక్కడ పాతకాలపు చెక్క నేల. డబ్బాలోంచి పౌడరు గుప్పెట్లోకి వంపుకుని, పిండితో ముగ్గు వేసినట్టు చల్లేది. ఆడపిల్లలు ఆడపిల్లలతోనే అయితే నాకు అభ్యంతరం లేదన్నాడు నాన్న. మగవాడి అడుగులన్నీ ఆంటీవే. నేను తలవంచి కాళ్ళు చూసుకుంటుంటే గడ్డం కింద వేలు పెట్టి ఎత్తేది. "ఏమ్మా, కాలు ఏమి చూస్తావ్? కాలు ఎక్కడా పోదు, నీతోనే ఉంటది. మొగం చూడు!"

మా పిల్లలకు ఈ కథ కరెంటు పోయినప్పుడల్లా చెప్పాలి. పౌడరు, ఆంటీ నిమ్మపండు రంగు గౌను, పాటల టేపు చిక్కుకుపోతే ఆంటీ పెన్సిలుతో తిప్పడం, ఆవిడ తెలుగు. వాళ్ళు నవ్విన ముక్కలే నేనూ మళ్ళీ మళ్ళీ చెబుతూ వచ్చాను. ఒక్కటి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. అందులో నవ్వడానికి ఏమీ లేదు మరి.

ఆంటీ మాకు మొదటిరోజు నేర్పింది అడుగు కాదు. అరచేతిలో అరచెయ్యి పెట్టి, ఒకసారి గట్టిగా నొక్కింది. ఇలా నొక్కితే ఆగిపోవాలి అంది. పాట నడుస్తున్నా సరే, నేల నిండా జనం ఉన్నా సరే. కారణం అడక్కూడదు. చెయ్యి వదలకుండా పక్కకు నడిచి వెళ్ళిపోవాలి. అదొక్కటీ వచ్చాకే మిగతావి, అంది.

ఆ ఏడు క్రిస్మస్ సాయంత్రం క్లబ్బులో పాత రైల్వే కుటుంబాలు చేరాయి. తెల్ల మీసాల పెద్దాయన ఒకరు, డ్రైవరుగా రిటైరైన మనిషి, నన్ను డాన్సుకు రమ్మని అడిగారు. మా తాత వయసు. ఆంటీ కళ్ళతోనే వెళ్ళమంది. రెండు చుట్లు వేశామో లేదో నా అరచెయ్యి నొక్కారు. ఆగాను. ఇద్దరం నెమ్మదిగా కుర్చీల దగ్గరికి నడిచాం. చుట్టూ ఉన్న జంటలు, నీళ్ళు రాయిని తప్పుకున్నట్టు మమ్మల్ని తప్పుకుని వెళ్ళిపోయాయి. ఎవరూ తిరిగి చూడలేదు. ఆయన కూర్చుని మోకాలు రుద్దుకుంటూ, "ఈ మోకాలు ఇంకా ఇంజనులోనే ఉందనుకుంటోంది, అమ్మాయ్," అని నవ్వారు. నేను నిమ్మరసం తెచ్చిచ్చాను. అంతే జరిగింది.

ఇప్పుడు మా ఇంట్లో శనాదివారాలు రాత్రి టీవీ ముందు ఎవరి చోటు వాళ్ళది. అత్తయ్యది మడతకుర్చీ. ఆవిడ చిన్నప్పుడే గోదావరి జిల్లా నుంచి ఈ కన్నడ పల్లెకు, కాలవ కింద భూములకు వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. ఆవిడ మాట ఇంకా అక్కడిదే. డాన్సు పోటీలో జడ్జీల కంటే ముందే తీర్పు చెప్పేస్తుంది. "ఆ పిల్ల కాళ్ళు చూడు, వాన చినుకుల్లా ఎట్టా పడతన్నాయో! పదికి పది!" ఆ పోటీలను తీసిపారేయడం నావల్ల కాదు. మా ఊళ్ళో మగపిల్లాడు డాన్సు నేర్చుకుంటానంటే తండ్రి సంచీ పట్టుకుని క్లాసు బయట కూర్చుంటున్నాడంటే, అది ఆ పోటీల చలవే. మా నాన్న క్లబ్బు గుమ్మం దాకా కూడా ఎప్పుడూ రాలేదు. కూలిపనికి వెళ్ళే వాళ్ళ పిల్ల స్టేజీ మీద నిలబడి మైకు పట్టుకుంటే నాకూ కళ్ళు చెమరుస్తాయి.

కానీ అక్కడ డాన్సు నాలుగు నిమిషాలే. మిగతాదంతా బాధ. ఎవరి ఇల్లు ఎంత చిన్నదో చూపిస్తారు. పిల్ల తడబడితే ఆ తడబాటును మూడుసార్లు తిప్పి తిప్పి చూపించి, తర్వాత తల్లి ముఖం చూపిస్తారు. కొన్నాళ్ళుగా మా అమ్మాయి అద్దం ముందు డాన్సు చేసి, అయిపోగానే రొప్పుతూ చేతులు కట్టుకుని నిలబడుతోంది. ఎవరో ఏదో చెబుతారని ఎదురుచూస్తున్నట్టు. నవ్వొచ్చేది నాకు. ఎదురుగా అద్దం తప్ప ఎవరూ ఉండరు.

ఆ సాయంత్రం తవుడు కడగడానికి ఇద్దరికీ స్నానం చేయిస్తుంటే, మా వాడు చొక్కా విప్పడానికి కుడిచెయ్యి పైకి ఎత్తలేకపోయాడు. భుజం దగ్గర వాపు.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"పోయిన శనివారం నుంచి."

"ఎందుకు చెప్పలేదు?"

వాడు నీళ్ళ బకెట్ వైపు చూస్తూ అన్నాడు. "టీవీలో ఆ అన్నయ్య చెప్పలేదుగా. కాలికి కట్టు కట్టుకునే చేశాడు. జడ్జీలు లేచి నిలబడ్డారు." నావైపు తిరిగి, "నువ్వు కూడా చప్పట్లు కొట్టావు," అన్నాడు.

కొట్టాను. గుర్తుంది. ఒళ్ళో పళ్ళెం పక్కన పెట్టి మరీ కొట్టాను.

అత్తయ్య కర్పూరం కరిగించిన కొబ్బరినూనె తెచ్చి వాడి భుజానికి రాసింది. "ఏంటమ్మాయ్, ఇంత నీరసపడిపోయావ్? పిల్లలన్నాక తగులుతాయి. ఆదివారానికి తగ్గిపోద్దిలే. వీళ్ళు టీవీలో కనపడితే మా చెల్లెలు ఊళ్ళో దండోరా వేయిస్తానంది." అంటూనే వేళ్ళతో వాపు తడిమి, పోల్చుకోవడానికి రెండో భుజం కూడా తడిమి చూసింది.

మా ఆయన పొలానికి నీళ్ళు పెట్టి వచ్చాక విషయం చెప్పాను. ఆయన మేడెక్కి చూసి వచ్చారు. ఏం చూశారో అడగలేదు. "మాస్టారుకి నేను చెప్పనా, నువ్వు చెబుతావా?" అన్నారు. నేనే ఫోన్ చేశాను.

"ఏంది అక్కా, గిట్లంటవు?" అన్నాడు మాస్టారు. సిరవార దగ్గరి పల్లెవాడు, మంచివాడే. "లిఫ్టు లేకుంటె ఎవ్వరు సూడరు. తుర్విహాళ పిల్లగాండ్లు ఒకని మీద ఒకడు నిలవడి చేస్తుండ్రు. మనోళ్ళు ఉత్తగ కిందనే చేస్తె ఎట్ల? జరా ఫికర్ తక్కువ చెయ్యి అక్కా."

"వాడి భుజం వాచింది, తమ్ముడూ. వారం నుంచి."

"నాకు చెప్పలె అక్కా. మొన్న ఆదివారం గూడ అడిగిన. ఓకే మాస్టర్ అన్నడు."

"అట్లా అనమని నేర్పింది మనమే కదా."

"నేనేం నేర్పలె..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. తర్వాత మెత్తగా అన్నాడు. "లిఫ్టు తీసేస్తం. కాని సెలక్టు గారు, ముందుగాల్నే చెప్తున్న. పాప ఏడిస్తె నన్ను అనొద్దు."

ఏడుస్తుందని నాకూ తెలుసు. అమ్మాయికి ఆ మూడు చుట్లే డాన్సంతా. గుడి మెట్లెక్కినా, బస్సెక్కినా చేతులు చాచి ముఖం పైకెత్తడమే ఈ నెలంతా. దాని ఆశ తీసేయడం నాకు తేలిక కాదు. మాన్పించేస్తే అమ్మ భయస్తురాలు అనుకుంటారు. అది నిజమే, నేను భయస్తురాలినే. కానీ ఈసారి నా భయం గురించి కాదు. పదేళ్ళవాడు చాలు అన్న మాటను వారం రోజులు భుజం మీద మోశాడు. ఆ మాట అనొచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినదాన్ని పౌడరు కథ చెప్పి ఊరుకున్నాను.

పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. మా వాణ్ణి చూసిన డాక్టరు ఏమన్నదీ చీటీలో ఉంది; నిన్న పొద్దున పిల్లలకు నేను ఏం చెప్పానో మాత్రం మరిచిపోకముందే రాసిపెట్టుకోవాలని.

వాకిట్లో ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ముందుగా మా వాడితో, ఆ రోజు టీవీ ముందు చప్పట్లు కొట్టడం నా తప్పు అన్నాను. నొప్పితో చేస్తే గొప్ప అని నువ్వు అనుకునేలా చేశాను, ఇక కొట్టను అన్నాను. ఈ పూట బడి లేదు, సింధనూరులో డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఆయన సరే అంటే ఆదివారం రాయచూరు, లేదంటే లేదు. వెళ్ళినా ఎత్తడం ఉండదు అన్నాను.

అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మరి మనల్ని తీసుకోరుగా?"

తీసుకోకపోవచ్చు అన్నాను. అబద్ధం చెప్పాలనిపించలేదు. తర్వాత వాడి ఎడమచేతిని దాని కుడిచేతిలో పెట్టాను. గుంతకల్లు కథలో నేను చెప్పకుండా వదిలేసిన ముక్క ఒకటి ఉంది, ఇవాళ చెబుతున్నా, వినండి అన్నాను.

"ఇదిగో, ఇలా ఒకసారి గట్టిగా నొక్కితే ఆగిపోవాలి. అన్నయ్య నొక్కినా, నువ్వు నొక్కినా. మేడ మీదైనా, స్టేజీ మీదైనా. పాట సగంలో ఉన్నా సరే, ఎదురుగా ఎవరు కూర్చున్నా సరే. ఎందుకని అడక్కూడదు. చెయ్యి మాత్రం వదలకుండా, ఇద్దరూ కలిసి పక్కకు వచ్చేయండి. నేను అక్కడే ఉంటాను."