మస్టరు పడని పని

మా నాయిన ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలో పంపు ఖలాసీ. మొదట ఇల్లందులో, తర్వాత మణుగూరులో. బాయి అడుగున ఊరే నీళ్ళను పైకి తోడిపోసే పంపు దగ్గర ఆయన డ్యూటీ. రిటైరయ్యాక ఖమ్మం అంచున ఖానాపురం హవేలిలో రెండు గదుల ఇల్లు కట్టుకుని అమ్మను తీసుకుని వచ్చేశాడు. నేనూ అక్కడికే చేరాను. అప్పటికి నేను హోంసైన్సు చదివి, టౌనులో ఒక ప్రైవేటు దవాఖానాలో పేషెంట్లకు డైటు చీటీలు రాసే ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. అవి ఎనభైల చివరి రోజులు. తిండి గురించి నాకు తెలియనిది ఈ లోకంలో లేదని గట్టిగా నమ్మిన రోజులు కూడా.

కొత్త ఇంట్లోకి వచ్చిన మూడో నెలలోనే నాయినకు షుగర్ బయటపడింది. మా దవాఖానా డాక్టరుగారు మాత్ర రాసి, తీపి మానెయ్యమనీ అన్నం కాస్త తగ్గించమనీ చెప్పారు. నాయిన అందులో తగ్గించడం అన్న ముక్కొక్కటే పట్టుకున్నాడు. పొద్దున ఒక జొన్నరొట్టె, మధ్యాహ్నం మజ్జిగ, రాత్రి గుప్పెడు అన్నం. అమ్మ ఇంకో రొట్టె వేయబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"పని లేనోనికి గింత తిండెందుకే. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అంటరు నలుగురు."

"నలుగురు మనింట్లకొచ్చి నీ కంచం జూస్తున్నరా?" అనేది అమ్మ.

అసలు సంగతి షుగర్ కాదని నాకు అప్పుడే తెలుసు. బాయిలో మస్టరు పడితేనే ఆ రోజు రోజు. హాజరు పట్టీలో పేరు పడితే ఆ పూట తిండి నీది. ముప్పై ఏళ్ళు అలా తిన్న మనిషి, మస్టరే లేని ఇంట్లో కూర్చుని తినాలంటే దొంగతిండి తింటున్నట్టు సిగ్గుపడేవాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా ఇంట్లో అమ్మ అడక్కుండానే పెట్టేది, ఆయన వద్దనేవాడు. రెండు నెలల్లో చొక్కా భుజాలు కిందికి జారాయి. నాకు భయం పట్టుకుంది. మాత్ర మింగి పస్తులుంటే షుగర్ పడిపోయి మనిషి పడిపోతాడని దవాఖానాలో రోజూ పదిమందికి చెప్పేదాన్ని నేనే మరి.

అందుకని చదువు బయటికి తీశాను. మనిషిని పరగడుపున, మెలకువగా, కదలకుండా పడుకోబెట్టినా ఒంటికి కొంత ఖర్చు తప్పదు. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్ళు వెచ్చగా ఉండాలి. ఆ ఖర్చును బరువు, ఎత్తు, వయసు పెట్టి అంచనా వేసే లెక్క ఒకటి మాకు కాలేజీలో నేర్పారు. దాని మీద, చేసే పనిని బట్టి మరికొంత కలపాలి. నాయినను దవాఖానాకు తీసుకెళ్ళి త్రాసు ఎక్కించాను. బాయిలో మెడికల్ పరీక్షకు నిలబడినట్టు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. యాభై ఆరు కిలోలు. గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచాను.

"నాయినా, ఇప్పుడు పనేమన్న చేస్తున్నవా?"

"ఏం పని బిడ్డా. ఖాళీయే. రిటైరైతిని గద."

కాగితం మీద 'పని: లేదు' అని రాసి గుణకారాలు చేశాను. పన్నెండు వందల అరవై కేలరీలు వచ్చింది. పని లేదు కదాని ఏమీ కలపకుండా అదే రోజు మొత్తం తిండిగా చీటీ రాశాను. డాక్టరుగారికి చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని, "ఈ లెక్క షుగర్ లేనివాళ్ళను కొలిచి కట్టిందమ్మా. షుగర్ అదుపులో లేనివాళ్ళకు ఇంకొంచెం ఎక్కువే కావచ్చు. పైగా కూర్చున్నవాడు కూడా లేస్తాడు, నడుస్తాడు. లెక్కతో పాటు మనిషిని కూడా చూడు" అన్నారు. ఇరవై నాలుగు గంటలూ ఒకే ఇంట్లో ఉండే మనిషిని కొత్తగా చూసేదేముందని లోపల నవ్వుకున్నాను. చీటీ తెచ్చి వంటింటి గోడకు అతికించాను.

తమాషా ఏమిటంటే ఆ చీటీ ప్రకారం వచ్చిన తిండి అంతకుముందు ఆయన తినేదానికంటే ఎక్కువ. దాంతో అమ్మ సంబరపడింది. డాక్టరు చూసిన చీటీయే కదా అని నాయినా ఒప్పుకున్నాడు. నా అంతటి బిడ్డ జిల్లాలో లేదని నేనూ అనుకున్నాను. పది రోజులు ఇల్లు హాయిగా గడిచింది.

పదకొండో రోజు పొద్దున నేను డ్యూటీకి జడ వేసుకుంటుంటే పక్కింటి ఆమె పరుగున వచ్చింది. "జల్దీ రా చెల్లె, మీ నాయిన బోరింగు కాడ కూలవడ్డడు."

బోరింగు దగ్గర ఆయనకేం పనో నాకు అర్థం కాలేదు. వంటింట్లోంచి చక్కెర గుప్పిట్లోకి తీసుకుని పరుగెత్తాను. వీధి చివర చేతిపంపు గట్టు మీద చెమటతో తడిసి కూర్చున్నాడు. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. చక్కెర నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించాడు.

"షుగరోనికి... చక్కెర వెడ్తవా?"

నేను బతిమాలాను, అరిచాను. ఈలోపు అమ్మ వచ్చి, చిన్నపిల్లవాడికి మందు పోసినట్టు గడ్డం పట్టుకుని నోట్లో వేసింది. పది నిమిషాలకు చూపు నిలకడగా వచ్చింది. ఆ పది నిమిషాలు నేను ఆయన చెయ్యి వదల్లేదు.

బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళే అసలు కథ చెప్పారు. ఆ వీధికంతటికీ అదొక్కటే బోరింగు. మేము వచ్చిన కొత్తలో పిల్లలూ ఆడవాళ్ళూ దాన్ని ఎగరేసి ఎగరేసి కొట్టడం చూసి నాయినకు ప్రాణం ఒప్పలేదట. "గట్ల కొడితే పంపు ఆగమైతది" అని తానే పిడి పట్టుకున్నాడు. అప్పట్నుంచి ఫస్టు షిఫ్టు వేళకు, అయిదింటికి లేచి, మాత్ర మింగి వచ్చి వరసలో ఉన్న ప్రతి బిందె ఆయనే నింపుతున్నాడు. ఎనిమిదింటిదాకా. తిండి ఆ తర్వాతే. మా పెరట్లో బావి ఉంది కాబట్టి అమ్మా నేనూ అటు పోయేవాళ్ళం కాదు. ఆయన వాకింగుకు పోతున్నాడనుకుంటున్నాం.

ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాక కోపం ఆగలేదు. "పనేం లేదంటివి గద నాయినా."

"పనెక్కడ చేసిన?" అన్నాడు. మొహంలో దాపరికం లేదు. "హాజరు పిలిచిన్రా, మస్టరు పడ్డదా? మస్టరు పడంది పనెట్లయితది బిడ్డా?"

నా కోపం నా మీదికే తిరిగింది. గోడ మీద నా చేతిరాతతో 'పని: లేదు' అని ఉంది. యాభై, అరవై బిందెలు తోడిపోసే మనిషికి మంచం మీద కదలకుండా పడుకున్నవాడి తిండి పెట్టి, దాన్ని వైద్యం అనుకున్నాను. సిగ్గుతో ఆ చీటీ చింపేశాను.

మాత్ర తిండితో పాటు వేసుకోవాలనీ తిన్నాకే బోరింగు దగ్గరికి వెళ్ళాలనీ డాక్టరుగారు గట్టిగా చెప్పారు. దానికి సరేనన్నాడు. తిండి పెంచుదామంటే మాత్రం మళ్ళీ మొదటికొచ్చాడు. పని లేనివాడికి ఎందుకంటాడు. చివరికి ఆయన భాషలోనే అడిగాను.

"నాయినా, ప్లే డే నాడు బాయి బంద్ గద. పంపు గూడ బంద్ వెడ్తరా?"

వారపు సెలవును బాయిలో ప్లే డే అంటారు. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "పంపెట్ల బంద్ వెడ్తరు. సోమారం దాంక బాయి మునుగుతది."

"తట్టెడు బొగ్గు రాని రోజు కరెంటెందుకు దండుగ?"

"బొగ్గు కోసం గాదు బిడ్డా. బాయి బతికుండాలె గద."

"నీ ఒంట్ల పంపుకు గూడ పన్నెండు వందల అరవై గావాలె. పని చేసినా చెయ్యకున్నా. బోరింగు కొట్టినందుకు వేరే."

ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "నువ్వు ముందే గిట్ల చెప్పొద్దా" అన్నాడు.

మిగతాది అమ్మ చూసుకుంది. అమ్మకు చదువు రాదు. గోడ మీది క్యాలెండర్లో, నాయిన బోరింగు కొట్టి వచ్చిన ప్రతి రోజు గడిలో వేలితో పసుపు చుక్క పెట్టేది. "మస్టరు పడ్డది, తిను" అని ఇంకో రొట్టె వేసేది. ఆయన ఆ చుక్కను తల తిప్పి చూసుకుని మరీ తినేవాడు. చొక్కా భుజాలు మెల్లగా పైకొచ్చాయి. షుగర్ కూడా చెప్పుచేతల్లో ఉంది. ఆ రోజుల్లో మా ఇంట్లో సంతోషం రొట్టెలు కాలే వాసన వేసేది.

ఒక వారం బోరింగు చెడిపోయింది. మెకానిక్కు రాడ్లు పైకి తీసి, సామాను కోసం టౌనుకు పోయి, మర్నాటికీ రాలేదు. నాయిన ఆ పొద్దున అరుగు మీద చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. వంటింట్లో అమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. చుక్క పెట్టడానికి పనేదీ లేదు. చుక్క లేకుండా కంచం ముందు పెడితే ఏమంటాడో తెలియదు. పాత రోజులు మళ్ళీ వస్తాయేమోనని నాకు గుబులుగా ఉంది. అమ్మ పసుపు డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

నాయిన తనే లేచి వచ్చి పీట వాల్చుకుని కూర్చున్నాడు. క్యాలెండర్లో ఖాళీ గడి వైపు చూశాడు.

"ఇయ్యాల ప్లే డే," అన్నాడు. తర్వాత కంచం తన ముందుకు లాక్కున్నాడు. "పంపు నడవాలె గద. పన్నెండు వందల అరవై వెట్టు."

నాకు తెలిసి ఆయన నోరు తెరిచి తిండి అడగడం అదే మొదలు. నేను లెక్క ప్రకారం వేసి, కూర్చుని లేచినందుకు ఇంకో అర రొట్టె వేశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు.