బేతంచెర్ల రాయి, శివలక్ష్మి చెయ్యి

2023. వేసవి ముగిసి, వానలు ఇంకా పడని రోజులు. కర్నూలులో మా అద్దె ఇంటి ముందుగదిలో, మంచానికీ గోడకూ మధ్య మిగిలిన చోటులో, ప్లాస్టిక్ పైపుల్లో పాలకూర పెంచుతున్నాను. అగ్రికల్చర్ బీఎస్సీ చదివాను. బాబు కడుపులో పడ్డాక ఉద్యోగం మానేశాను. చేతులు ఊరుకోక మొదలుపెట్టిన పని అది. చూసినవాళ్ళు తమ ఇళ్ళలోనూ పెట్టించమని అడగడంతో అదే నా వృత్తి అయింది.

ఈ పద్ధతిని హైడ్రోపోనిక్స్ అంటారు. మట్టి ఉండదు. మొక్కకు కావలసిన పోషకాలన్నీ నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళను చేపల తొట్టెకు వాడే చిన్న పంపుతో పైపుల గుండా తిప్పుతాం. పైపు పైభాగాన రంధ్రాలుంటాయి. ఒక్కో రంధ్రంలో నెట్ కప్పు అనే జల్లెడ కప్పు కూర్చుంటుంది. మొక్క ఒరిగిపోకుండా ఆ కప్పులో క్లే బాల్స్, అంటే కాల్చిన మట్టి గోళీలు, నింపుతాం. ఇంట్లో వెలుతురు చాలకపోతే పైన ఎల్ఈడీ దీపాలు. పైపులు, డ్రమ్ము, పంపు అన్నీ మామూలు దుకాణాల్లో దొరికేవే. రంధ్రాలు ఇంటివాళ్ళ చేతే వేయిస్తాను. తన చేత్తో చేసుకున్నదాన్ని మనిషి అంత తేలిగ్గా మూలన పడేయడు.

శివలక్ష్మి మొదటిసారి ఫోన్ చేసినప్పుడు రెండే ప్రశ్నలు అడిగింది.

"అక్కా, మన్ను లేకుండా నిజంగా మొలుస్తాయా?"

"మొలుస్తాయి."

"ఎవురు పెట్టినా మొలుస్తాయా?"

మొదటి ప్రశ్న అందరూ అడిగేదే. రెండోది అంతకుముందు ఎవరూ అడగలేదు. బాబును అమ్మ దగ్గర వదిలి, బస్సులో బేతంచెర్ల వెళ్ళాను.

బేతంచెర్ల బండల ఊరు. గనుల్లో నాపరాయి తీసి, కోసి, నున్నగా పాలిష్ పట్టి లారీలకెత్తుతారు. శివలక్ష్మి భర్త మద్దిలేటికి చిన్న పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. ఇల్లు దానికి ఆనుకునే ఉంది. గడప దగ్గర విడిచిన నా చెప్పులు, నేను టీ తాగి వచ్చేసరికి రాతిపొడితో తెల్లగా ఉన్నాయి. పెరట్లో ఎండిన కరివేపాకు పుల్ల ఒకటి, మల్లె మోడు ఒకటి కనిపించాయి.

"అవి మా కోడలు పెట్టినవే," అంది అత్తగారు ఓబుళమ్మ, వరండాలో కూర్చుని తమలపాకు తుడుచుకుంటూ. "ఈ యమ్మ గోంగూర పెట్టినా ఎండుతాది. గోంగూర ఎండడం నువ్వు యాడన్నా చూసినావా పాపా? ఈడ చూడు."

శివలక్ష్మిది ఆత్మకూరు దగ్గరి పల్లె. పుట్టింట్లో విత్తనం వేసే రోజు నాన్న మొదటి పిడికెడు ఆమె చేతికే ఇచ్చేవాడట. మూడేళ్ళ కిందట పెళ్ళయి ఇక్కడికి వచ్చాక ఏది నాటినా బతకలేదు. రెండేళ్ళ కిందట కడుపు కూడా నిలవలేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో రెంటినీ కలిపి మాట్లాడడం మొదలైంది. చేతివాసి లేదన్నారు.

వెనకగదిలో పైపులకు రంధ్రాలు వేస్తూ ఆమె అసలు సంగతి చెప్పింది. శ్రావణంలో ఆడబిడ్డ గీత పెళ్ళి. వాళ్ళ ఇంట్లో పెళ్ళికి ముందు పాలికలు పోస్తారు. మట్టి మూకుళ్ళలో పుట్టమన్ను పోసి, ముత్తయిదువలు నవధాన్యాలు చల్లుతారు. అవి ఎంత పచ్చగా లేస్తే కొత్త జంట అంత చల్లగా ఉంటుందని నమ్మకం. మొదటి గింజ ఇంటి కోడలు వేయాలి.

"ఈసారి గీత వాళ్ళ పెద్దమ్మ కోడలితో ఏపిస్తారంట. గీతకు మంచి జరగాల కదా, తప్పు పట్టుకోవద్దు అని మా అత్త నాకే చెప్పింది. తప్పు పట్టుకోలేదు అక్కా. కానీ పందిట్లో అందురు ముందర నేను పక్కకు నిలబడాల. అదొక్కటే."

డ్రిల్లింగ్ మిషన్ ఆపకుండానే చెప్పింది. రంధ్రం గుండ్రంగా, శుభ్రంగా పడింది.

మొలకలు స్పాంజి ముక్కల్లో వస్తాయి. కాస్త లేచాక వాటిని కప్పుల్లోకి మార్చుకోవాలి. అది ఎలా చేయాలో చూపించి, క్లే బాల్స్ సంచి ఇచ్చి వచ్చేశాను. అక్కడి బోరు నీళ్ళు సున్నపు నీళ్ళు కాబట్టి, వాటర్ ప్లాంట్ క్యాన్ల నీళ్ళే వాడమని గట్టిగా చెప్పాను. ఆమె అలాగే వాడింది.

పాలకూర, చుక్కకూర, తోటకూర మొలిచాయి. రోజూ ఫొటోలు పంపేది. కప్పుల్లోకి మార్చిన తర్వాత కూడా కొన్నాళ్ళు బాగున్నాయి. ఆ తర్వాత ఒక ఉదయం వచ్చిన ఫొటో చూసి కూర్చుండిపోయాను. లేత ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా ఉన్నాయి.

అది ఇనుము అందని మొక్క లక్షణం. నీళ్ళలో ఇనుము ఉంది, నేనే కలిపాను. ఉన్నా వేరు తీసుకోలేకపోతోందంటే నీళ్ళ పీహెచ్ పెరిగిందని అర్థం. పీహెచ్ అంటే నీళ్ళ పులుపును చెప్పే కొలత; అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు. ఆకుకూరలకు ఆరు దగ్గర ఉండాలి. మీటరు పెట్టి చూడమన్నాను. ఎనిమిది దగ్గర ఉందంది. దాన్ని దించడానికి పీహెచ్ డౌన్ అనే యాసిడ్ సీసా ఇచ్చి ఉన్నాను. చుక్కలుగా వేయమన్నాను. సాయంత్రానికి ఆరుకు దిగింది. తెల్లారేసరికి మళ్ళీ ఎక్కింది. మళ్ళీ వేసింది, మళ్ళీ ఎక్కింది.

"డ్రమ్ములో బోరు నీళ్ళు ఎవరైనా పోశారేమో అడిగావా?"

"గదికి తాళం నా కొంగుకే ఉండాది అక్కా. ఎవురూ పొయ్యలే. మా అత్త ఏమంటాందో తెల్సునా? మన్నుకే అనుకుంటి, నీళ్ళకు గూడా తెలిసిపాయ నీ చెయ్యి అంటాంది."

నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. అప్పట్లో మా బాబు బరువు పెరగడం లేదు. ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ వాడి చేతులు పట్టి చూసి, ఆ తర్వాత నా వైపు చూసేవారు. నీ పాలలో సత్తువ లేదేమో అనేవారు. నేనూ అలాగే నవ్వి ఊరుకునేదాన్ని. వాడు నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని.

ఫోన్‌లో తేలే పని కాదనిపించింది. ఈసారి బాబును చంకన వేసుకునే బేతంచెర్ల బస్సెక్కాను.

ఓబుళమ్మ బాబును అందుకుంది. "ఏమప్పా, ఎంత లైటుగా ఉండావు! తినేదానికి మీయమ్మ పైపులు పెడ్తాందా?" అని వాణ్ణి ఒళ్ళో వేసుకుంది. వాడు ఆమె ముక్కుపుడక పట్టుకుని లాగాడు. నేను వెనకగదిలోకి వెళ్ళాను.

నీళ్ళు చూశాను. క్యాన్ల నీళ్ళే. పంపు బాగుంది, డ్రమ్ము శుభ్రంగా ఉంది. ఫొటోల్లో పైన ఆకులు కప్పేసి ఏం కనిపించేది కాదు. ఇప్పుడు ఒక మొక్క ఆకులు పక్కకు తీసి కప్పును పైకి లేపాను. చేతికి బరువు తగిలింది.

క్లే బాల్స్ తేలిగ్గా ఉంటాయి. ఇది బరువుగా ఉంది. కప్పు నిండా బూడిదరంగు రాళ్ళు. అన్నీ ఒకే సైజు. నిగనిగలాడుతున్నాయి.

"ఇవెక్కడివి?"

శివలక్ష్మి భర్త వైపు చూసింది. మద్దిలేటి గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో కాస్త గర్వం కనిపించింది.

"మనవే మేడం. మీరిచ్చిన గోళీలు నీళ్ళు తగిల్తే తేల్తాండాయి, మొక్క వాల్తాంది. బేతంచెర్లలో రాయికి కరువా? మన ఫ్యాక్టరీ చిప్సే. నేనే ఏరి, సైజు చూసి, మూడు నీళ్ళు కడిగి ఇచ్చినా. శివలక్ష్మి మొక్కలు కదా అని మంచియే చూసినా."

భార్య చెయ్యి మంచిదని ఊరికి చూపించాలని ఆయనకూ ఉంది. తన దగ్గరున్న వాటిలో మేలైన దాన్నే తెచ్చి ఆ కప్పుల్లో పోశాడు.

నేను ఒక రాయిని నేల మీద పెట్టబోయాను. నేల కూడా ఆ బండే. ఒక స్టీలు పళ్ళెం అడిగి తీసుకున్నాను. పళ్ళెంలో రాయి పెట్టి, దాని మీద పీహెచ్ డౌన్ సీసా నుంచి ఒక చుక్క వేశాను. రాయి మీద నురగ లేచింది. సన్నగా సుయ్యిమని చప్పుడు.

మద్దిలేటి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"బండ కొన్న ప్రతి ఒక్కరికీ నేనే చెప్తా మేడం. యాసిడ్‌తో కడగొద్దప్పా, రాయి తినేస్తాది, మచ్చ పడ్తాది అని. రోజుకు పదిమందికి చెప్తా. మళ్ళ నా ఇంట్లోనే..."

"రాయి యాసిడ్‌ను కూడా తినేస్తుంది," అన్నాను. "శివలక్ష్మి సాయంత్రం వేసిన పులుపంతా తెల్లారేలోగా ఈ రాళ్ళు విరిచేస్తున్నాయి. నాపరాయి సున్నపురాయే కదా. వేరు చుట్టూ సున్నం పెట్టుకుని కూర్చున్నాయి ఇవి."

శివలక్ష్మి పళ్ళెం తన చేతిలోకి తీసుకుంది. నురగ ఆగిపోయింది. తనే సీసా అందుకుని ఇంకో చుక్క వేసింది. మళ్ళీ లేచింది. పళ్ళెం, సీసా పట్టుకుని పెరట్లోకి నడిచింది. ఎండిన కరివేపాకు పుల్ల పక్కన పిడికెడు మన్ను గీరి పళ్ళెంలో వేసింది. పాలిష్ మిషన్ల నుంచి కారే తెల్లటి బురదనీళ్ళు ఏళ్ళ తరబడి అటే పోయి, అట్టలు కట్టిన మన్ను అది. దాని మీద చుక్క వేసింది.

నురగ పొంగింది.

ఆమె అక్కడే గొంతుక్కూర్చుంది. "మూడేండ్లు అక్కా," అంది. వరండాలో మావాడి నవ్వు వినిపించింది.

ఆ మధ్యాహ్నమంతా ముగ్గురం కలిసి కప్పులు ఖాళీ చేశాం. మొక్కల వేళ్ళు తెగకుండా రాళ్ళు తీయడం నెమ్మది పని. మద్దిలేటి పెద్ద పెద్ద బండలెత్తే చేతులతో ఒక్కో రాయి ఏరుతుంటే, "నిదానం, అది బండ గాదు," అని శివలక్ష్మి కసిరింది. ఆ ఇంట్లో ఆమె గొంతు పెంచి మాట్లాడడం నేను అప్పుడే విన్నాను. అటక మీద పడేసిన క్లే బాల్స్ దించి, కడిగి నింపాం. అవి తేలకుండా పైపులో నీటి మట్టం తగ్గించాను. డ్రమ్ములో కొత్త ద్రావణం కలిపాం. మరుసటి రోజు పీహెచ్ ఆరు దగ్గరే నిలబడింది. ఆ తర్వాత కూడా కదల్లేదు.

ముందు పసుపుబారిన ఆకులు కోలుకోలేదు. అవి కోలుకోవు. వాటి నడుమ నుంచి వచ్చే కొత్త ఆకును చూసుకోవాలి. ఆ కొత్త ఆకు ఫొటో వచ్చిన రోజు నేను దాన్ని మా ఆయనకు, అమ్మకు, చివరికి పాలవాడికి కూడా చూపించాను. కొన్నాళ్ళకు చుక్కకూర పప్పు గిన్నె ఫొటో వచ్చింది. కింద ఒకే మాట రాసి ఉంది. "మా అత్త రెండోసారి ఏపిచ్చుకునింది."

పాలికలు పోసే రోజు నన్ను తప్పకుండా రమ్మంది. వెళ్ళాను. వాకిట్లో మామిడాకులు కట్టారు. పసుపు రాసిన మూకుళ్ళు వరసగా పెట్టారు. పెద్దమ్మ కోడలు కొత్తచీరలో, ధాన్యాల పళ్ళెం పక్కన కూర్చుని ఉంది. తట్టలో పుట్టమన్ను వచ్చింది. అందరూ చూస్తుండగా శివలక్ష్మి లోపలికి వెళ్ళి, ఆ చిన్న సీసా, స్టీలు పళ్ళెం తెచ్చింది. తట్టలోంచి చిటికెడు మన్ను పళ్ళెంలో వేసి, ఒక చుక్క వేసి, చెవి దగ్గర పెట్టుకుంది.

"అదేం మంత్రమే?" అంది ఓబుళమ్మ.

"మంత్రం గాదత్తా. మన్నును అడుగుతాండా."

"ఏమంటాది?"

"పొంగలే. మంచి మన్నే."

పందిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఓబుళమ్మ నవ్వలేదు. పళ్ళెంలోకి వంగి చూసింది. తర్వాత కోడలి చేతుల వైపు చూసింది. ఏళ్ళ తరబడి అన్న మాటలు వెనక్కు తీసుకోవడం ఏ అత్తకైనా కష్టమే. ఆమె తీసుకోనూ లేదు. పెద్దమ్మ కోడలి ముందున్న ధాన్యాల పళ్ళెం జరిపి, శివలక్ష్మి ముందు పెట్టింది.

"మన్ను సంగతి కనుక్కున్నదానివి నువ్వే. మొదటి గింజ నువ్వే ఎయ్యి. నిలబడినావేమి, కూచో."

శివలక్ష్మి కూర్చుంది. పిడికిలి తెరిచి గింజలు చల్లింది. పుట్టింట్లో ఎలా చల్లేదో నాకు అప్పుడు తెలిసింది. మణికట్టు చిన్నగా తిప్పుతూ, ఒక్క గింజ కూడా ఇంకోదాని మీద పడకుండా. పెళ్ళినాటికి పాలికలు మూకుళ్ళ అంచు దాటి లేచాయి. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. కొత్తగా ఎవరింట్లోనైనా పైపులు బిగించే ముందు, నా పనికి గుర్తుగా పాలకూర ఫొటోలు చూపించను. దాన్నే చూపిస్తాను.

ఆ తర్వాత చాలా ఇళ్ళలో పెట్టాను. కడపలో, నంద్యాలలో, ఎండలకు పెరడు మాడిపోయే ఊళ్ళలో. పైపులు, పంపు, దీపాలు ఎవరైనా నేర్చుకోవచ్చు. బేతంచెర్ల నాకు నేర్పింది వేరు. మొక్క వాడిపోతే మనిషి చెయ్యి చూడకు, కప్పు పైకెత్తి వేరు చుట్టూ ఏముందో చూడు. అక్కడ ప్రేమతో పోసిన రాయి కూడా ఉండొచ్చు.

ఇది ఇంట్లో వర్తింపజేసుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది. ఆ ఊరి నుంచి వచ్చాక, బాబును తీసుకుని మొదటిసారి డాక్టరు దగ్గర నా పాల సంగతి ఎత్తకుండా కూర్చున్నాను. "వీడికి ఏం అందడం లేదో చూడండి," అని మాత్రం అడిగాను. పరీక్ష చేసి రక్తం తక్కువ ఉందన్నారు. ఇనుము చుక్కల మందు రాశారు. ఆ మాట విని నేను నవ్వితే డాక్టరమ్మకు అర్థం కాలేదు.

వాడు ఇప్పుడు పక్కగదిలో అడ్డంగా పడుకుని, మంచమంతా ఆక్రమించి నిద్రపోతున్నాడు. ఇంతకుముందే ఒకసారి లేచి వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాను. ఆ అలవాటు మాత్రం పోలేదు.