పరిగెత్తితే కరిగే ఛాతీ

మేం కసరత్తు చేసే తాలింఖానాలో పరుగు నిషేధం. గోడ మీద ఎక్కడా రాసి లేదు గానీ, చెప్పులు బయట విప్పడం ఎంత నియమమో ఇదీ అంతే. పరిగెత్తితే ఒళ్లు వేడెక్కుతుంది, వేడికి కండ కరుగుతుంది, కరిగినదంతా చెమటై కారిపోతుంది. తొంభైల నడుమ గోపాలపట్నంలో పాతికమంది మగవాళ్లం ఈ సిద్ధాంతాన్ని నమ్మి బతికాం. మాలో ఒకడు కదిలే బస్సు వెనక నాలుగడుగులు వేయడం ఇష్టం లేక వారానికి మూడు రోజులు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లేవాడు. ఇంకొకడు రెండు వీధుల అవతల నుంచి స్కూటర్ మీద వచ్చి, గంటసేపు బస్కీలు తీసి, మళ్లీ స్కూటర్ మీదే ఇంటికి పోయేవాడు.

సిద్ధాంతకర్త మా మాస్టారు. ఓడరేవులో కలాసీగా చేసి రిటైరైన మనిషి. అరవై దాటినా చేతులు రోకళ్లలా ఉండేవి. ఆయన సాక్ష్యం ఒక్కటే: "బస్తాలు మోసినోడికి కండుంటాది. ఊరంతా తిరిగే పోస్ట్‌మేన్‌కి ఉంటాదేటి? కండలున్న పోస్ట్‌మేన్‌ని ఎప్పుడైనా సూశావా?"

నేను అప్పట్లో సభల్లో మూఢనమ్మకాల మీద గొంతు చించుకునేవాణ్ణి. అయినా నిజం ఒప్పుకోవాలి: ఆ తర్వాత రెండు వారాలు మా వీధి పోస్ట్‌మేన్ జబ్బల వంకే చూశాను. సన్నగానే ఉన్నాయి.

మా పక్కింటి కుర్రాడికి భద్రతా దళంలో ఉద్యోగం కావాలి. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనేవాడు. కిందటేడు సెలక్షన్లలో ఛాతీ కొలత ఒక అంగుళం తగ్గి వెనక్కి వచ్చాడు. ఆ అంగుళం కోసమే ఏడాదంతా మాస్టారి కింద దండీలు తీసి, బెంచీ మీద పడుకుని బరువులెత్తి, చివరికి సంపాదించాడు. సరిగ్గా అంగుళం, దారమంత మిగులు. మళ్లీ పిలుపు వచ్చింది. వయసు దాటకముందు ఇదే ఆఖరిసారి. అందులో ఛాతీ కొలతతో పాటు మైలు పరుగు కూడా ఉంది. ఏడాదిగా పరుగు మానేసిన మనిషి రెండు ఫర్లాంగులకే నడుం పట్టుకుని వంగిపోతున్నాడు.

మాస్టార్ని అడిగితే, పరీక్ష రోజున పోలీసుల్ని చూసిన భయానికి కాళ్లే పరిగెడతాయని, అంతవరకూ కదలొద్దని సలహా ఇచ్చారు.

నేను వాదనకి దిగాను. మాస్టారు ఏటా ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తారు. కొండ చుట్టూ నడక, పైగా వట్టికాళ్లతో. అంత నడిస్తే ఆయన కండ కరగాలి కదా అన్నాను. అది స్వామి చూసుకుంటాడన్నారు. అయితే ఈసారి ముందూ వెనకా టేపుతో కొలుద్దాం అన్నాను. ఆయనకి పౌరుషం వచ్చింది, సరేనన్నారు.

ప్రదక్షిణ ముందు రోజు కొలిచాం. ప్రదక్షిణ అయిన మరుసటి రోజు నిద్ర లేచి, కాళ్లకి కొబ్బరినూనె రాసుకుని వచ్చాక మళ్లీ కొలిచాం. చేతులు ఇసుమంతైనా తగ్గలేదు. పిక్కలు వాచి కాస్త పెరిగాయి కూడా. నేను గెలిచాననుకున్నాను. మాస్టారు చుట్టూ ఉన్నవాళ్ల వంక చూసి, "సూశార్రా స్వామి మహిమ" అన్నారు. అందరూ తలూపారు. నా ప్రయోగంతో దేవుడికి ఇరవైమంది కొత్త భక్తులు దొరికారు.

ఒక్కడు మాత్రం నా మాట నమ్మాడు. మర్నాటి నుంచి తెల్లవారుతూనే మా పక్కింటివాడు సింహాచలం రోడ్డు మీద పరుగు మొదలుపెట్టాడు. నేను సైకిల్ మీద వెనకాలే వెళ్లి గడియారం చూసేవాణ్ణి. సాయంత్రం మాస్టారికి తెలియకుండా చెమట తుడుచుకుని మామూలుగా బరువులెత్తేవాడు. మూడు వారాల్లో పరుగు దారిలో పడింది. ఆ ఆదివారం మా వరండాలో ఛాతీ కొలిచాను. అర అంగుళం తగ్గింది.

సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి చెప్పాలి. రెండోసారి కొలిచేటప్పుడు నా వేళ్లు టేపుని కొంచెం వదులు చేశాయి. హేతువాదం నేర్చిన వేళ్లే. వాడు వంగి అంకె చూసుకుని, మెల్లగా నా చెయ్యి పక్కకు తీసేశాడు.

"నీ వాదన నెగ్గడానికి నా సాతీయే దొరికిందేటి బావా?"

నేను టేపు చుట్టేశాను. మాస్టారి దగ్గరికి పోదామన్నాడు. అక్కడిదాకా నేను వాడి వెనకే నడిచాను.

మాస్టారు అంతా విన్నారు. నన్ను తిట్టాల్సినంత తిట్టారు. పుస్తకాలు చదివిన గాడిద అన్నది అందులో మర్యాదైన మాట. తర్వాత వాడి వైపు తిరిగి, "పరిగెత్తాక ఏటి తింతన్నావ్?" అని అడిగారు.

వాడు చెప్పాడు. పరుగు కాగానే బస్సెక్కి ద్వారకా నగర్‌లో రాతపరీక్ష కోచింగ్‌కి వెళ్తాడు. ఒక బన్ను, టీ. మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో అన్నం. పరుగు పెరిగింది, తిండి తగ్గింది, నిద్ర కూడా తగ్గింది. మూడు వారాలు వాడి వెనకాలే సైకిల్ తొక్కిన నేను గడియారం చూశాను గానీ వాడి పొట్ట సంగతి అడగలేదు.

మాస్టారు లెక్క మార్చేశారు. పరుగు రోజు విడిచి రోజు. పరుగు లేని రోజు పెద్ద బరువులు. తెల్లారి నానబెట్టిన శనగలు, పరుగయ్యాక గుడ్లు, మధ్యాహ్నం కోచింగ్‌కి అన్నం కేరేజీ, రాత్రికి చేపలు. పరుగు మానెయ్యమని మాత్రం అనలేదు. ఎందుకనలేదో నేను అడగలేదు. అడిగితే అనేస్తారని భయం.

సెలక్షన్ల రోజు మైదానం కంచె బయట మాస్టారూ నేనూ పక్కపక్కన నిలబడ్డాం. ఆయన పెదాలు కదులుతున్నాయి. నాకు జపించడానికి ఏమీ లేక గోళ్లు కొరుక్కున్నాను. వాడు పరుగులో ఏడోవాడుగా వచ్చాడు. ఆయాసం తీరకముందే టేపు దగ్గర వరస కట్టించారు. చొక్కా విప్పి ఊపిరి పీల్చాడు. కొలిచే జవాను అంకె చూసి, రెండో వైపు వరసలోకి పొమ్మని చెయ్యి ఊపాడు. అది నెగ్గినవాళ్ల వరస.

దేనివల్ల నెగ్గాడంటే నేను చెప్పలేను. తిండి, నిద్ర, బరువులు, పరుగు అన్నీ ఒకేసారి మార్చేశాం. ప్రయోగంగా చూస్తే అది చెడిపోయిన ప్రయోగం. వాడికి మాత్రం, రాతపరీక్ష కూడా దాటి, ఉద్యోగం వచ్చింది.

తర్వాతి సోమవారం తాలింఖానాలో ఒక బ్యాంకు గుమాస్తా కొత్తగా చేరాడు. పరుగు మంచిదా కాదా అని మాస్టార్ని అడిగాడు.

"పరుగు లేని కండ గోనెలో ఇసుక లాంటిది" అన్నారు మాస్టారు. "నాను మొదట్నించీ సెప్తన్నదే ఇది."

పాతికమందీ తలూపారు. స్కూటర్ మీద వచ్చేవాడు అందరికంటే గట్టిగా ఊపాడు. నేను నోరు తెరిచాను. పక్కనే ఉన్న మా కుర్రాడు నా పాదం మీద కాలు పెట్టి నొక్కాడు. ఛాతీ వాడిది, ఉద్యోగం వాడిది. నోరు మూసుకున్నాను.