రామలింగం కారులో ఎడమ పక్క ఎండాకాలం

కాశిబుగ్గలో లారీలు బాగుచేసే వెంకట్రాజానికి ఒక రోగముంది. ఏ బండిని చూసినా "గిదెంత పని" అనేస్తాడు. అదేం బండో, దానికేమైందో ఆ తరువాత చూస్తాడు. బట్టల వ్యాపారి రామలింగం హైదరాబాదు నుంచి పాత విలాయతి కారు కొనితెచ్చినప్పుడూ అంతే. అందులో చలిదేశం వాళ్ల కోసం ఇంజను నీళ్లతో కాగే వేడిగాలి పెట్టె ఉంది. ఓరుగల్లులో దానితో ఏం పని అని ఎవరూ అడగలేదు.

1964 వైశాఖంలో అదే పీకల మీదికొచ్చింది. కారు నడిపే రామలింగం కాళ్లకు గాలి హాయిగా కొడుతుంటే, పక్కన కూర్చున్న తల్లి భద్రమ్మ కాళ్లు కుంపట్లో పెట్టినట్టు కాలుతున్నాయి. వెనక కూర్చుంటే ఆమెకు వాంతులు.

"నేను మడికొండల బిడ్డ ఇంటికి పోవుడు నీ పెండ్లానికి ఇష్టం లేదురా. సీటు కింద ఏం పెట్టిందో అడుగు!"

"కుంపటి వంటింట్లనే ఉన్నదత్తమ్మా, సూసుకోరాదు," అంది కోడలు నిర్మల.

రామలింగం వెంకట్రాజాన్ని పిలిపించాడు. "పొద్దుగూకకముందు కావాలె. లేకుంటే హనుమకొండ మిస్త్రీకి ఇస్త."

ఈ కారు పోతే బజారులో వ్యాపారుల లారీలన్నీ దాని వెనకే పోతాయి. ఆ సంగతి వెంకట్రాజానికి తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు. "గిదెంత పని సేటూ!"

వేడినీళ్ల నల్లా మూసినా పైపు చెయ్యి కాల్చింది. నల్లా సరిగ్గా మూసుకోవడం లేదు. సరే, మరి ఒక్క పక్కే ఎందుకు? పూజగది నుంచి అగరొత్తి అడిగి తెచ్చి, ఫ్యాను వేసి, కుడివైపు గాలి వచ్చేచోట పెట్టాడు. పొగ చెల్లాచెదురైంది. ఎడమవైపు పెడితే కదలకుండా నిలబడింది. అటు బయటి గాలే రావడం లేదు, పెట్టె వేడి అక్కడే నిలిచిపోతోంది!

"ఏందిరా, కారుకు పూజ చేస్తానవా?" అంది భద్రమ్మ.

"నాడి సూస్తాన అవ్వా."

ముందు అద్దం కింది జాలీ విప్పి, ఎడమ గొట్టంలోకి వంకర తీగ దూర్చి లాగాడు. ఎండిన తంగేడు పూలు వచ్చాయి. ఆ వెనక రంగు అద్దిన గునుగు పూలు, పిడికెళ్లకొద్దీ.

అందరికీ అర్థమైంది. కారు వచ్చిన కొత్తలో, సద్దుల పండుగ నాడు, వీధంతా చూడాలని భద్రమ్మే పూలతో పేర్చిన బతుకమ్మను బానెట్ మీద, అద్దానికి ఆనించి పెట్టించింది. చలికాలమంతా కాళ్లకు వెచ్చగా ఉందని మురిసిపోయింది కూడా.

నిర్మల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిజం చెబితే ముసలమ్మ పరువు పోతుంది, ఆ వెంటే వెంకట్రాజం గిరాకీ.

"ఎలుకలవ్వా," అన్నాడు వెంకట్రాజం. "గూడు కట్టినయి."

"రంగు అద్దిన గునుగుతోనా?" అంది నిర్మల.

"ఓరుగల్లు ఎలుకలాయె. పండుగ చేసుకోవా?"

నిర్మల లోపలికి పరుగెత్తింది. గోడ అవతల పగలబడి నవ్వడం వినిపించింది.

అతను వేడినీళ్లు పెట్టెలోకి పోకుండా పైపులు కట్టేశాడు. భద్రమ్మ ముందు సీట్లో కూర్చుని అతనితో, "నువ్వు వెనక ఎక్కు. కాళ్లు కాలినయో, ఆడ్నే దించుత, నడిచి రా," అంది.

హనుమకొండ దాటకముందే ఆమె గురక పెట్టింది. "నేను దిగుత సేటూ," అన్నాడు వెంకట్రాజం.

"సప్పుడు చెయ్యకు. అమ్మ లేస్తది."

మడికొండలో కూతురి గుమ్మం ముందు కళ్లు తెరిచి, భద్రమ్మ కాళ్లు తడిమి చూసుకుంది. "ఈ బండి పని ఇగ వీనిదేరా," అని కొడుకుతో చెప్పింది.

వెంకట్రాజానికి ధైర్యం వచ్చింది. "మరి వచ్చే బతుకమ్మను యాడ పెడ్తవవ్వా?"

"బానెట్ మీదనే. తీసెటందుకు నువ్వున్నవు గద!"