జాతరకు ఆగని కాయ

మా వదిన కుసుమకు పెద్దపంజాణి దగ్గర పొలముంది. భూమి ఎంత ఉన్నా బోరు నీళ్ళు ఒక్క ఎకరానికే వస్తాయి. ఆ ఎకరాలో ఏం పెట్టాలన్నదే ఏటా ఆ ఇంట్లో పెద్ద ప్రశ్న. పంట తప్పితే దిద్దుకోవడానికి ఇంకో మడి లేదు.

వదిన మా ఆవిడకు అక్క. నేను పుంగనూరులో కెమిస్ట్రీ చెబుతాను. మేమిద్దరం పనికి పోతే మా రెండేళ్ళ పాప వదిన దగ్గరే ఉంటుంది. ఆమె తోటకు మందు కొట్టిన రోజు నాకు పాఠం మీద మనసు నిలవదు.

పెళ్ళై ఆ ఊరికి వచ్చినప్పటి నుంచీ వదిన టమాటాయే పెట్టింది. ఎర్రగా పండిన కాయ పలమనేరుకో చెన్నైకో పోయేది. దోరగా ఉండగానే కోసింది మదనపల్లె మార్కెట్ యార్డు నుంచి బంగ్లాదేశ్ దాకా పోయేది. అది తలుచుకుంటే ఆమెకు గర్వం. "నా కాయ దేశం దాటతాండాది. నువ్వు ఆ కొండ దాటినావా?" అని మొగుడు దేవేంద్రను ఆటపట్టించేది. దేవేంద్ర హార్స్లీ హిల్స్‌లో ఒక రిసార్టులో వంటవాడు. వారానికోసారి ఇంటికొస్తాడు.

ఒక ఏడు బంగ్లాదేశ్‌లో గొడవలు రేగి సరిహద్దులో లారీలు నిలిచిపోయాయి. యార్డు నిండా దోరకాయ గుట్టలుగా పడింది. "బార్డరు మూసినారమ్మా, నేనేం సేసేది" అన్నాడు వ్యాపారి. వదిన కాయంతా దారి పక్కన పారబోసి ఖాళీ క్రేట్లతో ఇంటికొచ్చింది.

అప్పుడు వచ్చాడు దినేష్, కుప్పం వైపున్న ఒక కంపెనీ మనిషి. గెర్కిన్ అనే దోస పెట్టమన్నాడు. వేలెడంత ఉండగానే కోసి, ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, సీసాల్లో యూరప్‌కూ అమెరికాకూ పంపుతారట. మన దగ్గర ఎవరూ తినరు.

"పక్కింటోడు తలుపేసుకుంటే యాల ఆడే కూసుంటారక్కా? ప్రపంచమంతా మనకు సంతే" అన్నాడు.

దేవేంద్రకు ఆ మాట నచ్చింది. "విన్నావా? పెద్దోళ్ళతో యాపారం."

"పెద్దోళ్ళే. వాళ్ళకు మన మొగాలు తెలుసునా?" అంది వదిన. అయినా పారబోసిన కాయ కళ్ళ ముందే ఉంది కాబట్టి ఒప్పుకుంది.

టీవీలోనూ ఇదే పాట. దూరదేశంతో ఒప్పందం కుదిరిందంటే చప్పట్లే చప్పట్లు. పక్కదేశపు గేటు దగ్గర కుళ్ళిపోయే లారీ గురించి ఒక్క ముక్క ఉండదు. దూరం అమ్మవద్దని నేననను. దగ్గరి దారిని బాగుచేసుకునే ఓపిక లేక దూరం పరుగెత్తి, దానికి తెలివి అని పేరు పెడితే ఒళ్ళు మండుతుంది.

గెర్కిన్ విరగకాసింది. రోజూ పొద్దునా సాయంత్రమూ కోయాలి. ఒక పూట తప్పితే కాయ లావెక్కుతుంది, కంపెనీ తీసుకోదు. సరిగ్గా అప్పుడే గంగమ్మ జాతర చాటింపు పడింది. ఆ ఊళ్ళో జాతర ముగిసేదాకా చెట్టు నుంచి కాయ కాదు కదా, ఆకు కూడా తుంచరు.

వదిన వెంటనే దినేష్‌కు ఫోన్ చేసి చెప్పింది. ఓడ తేదీ మారదన్నాడు. ఇక జాతర నడిపించే పెద్దామె అక్కమ్మ ఇంటికి పోయింది.

"ఒక్క సాయంత్రం కోసుకుంటానమ్మా."

"టమాటాకు ఎన్నడన్నా ఇట్ల అడిగినావామే?"

"అది సెట్టు మీదే ఉంటాదమ్మా. ఎర్రబడినాక పలమనేరాయన తీసుకుంటాడు. ఆయప్పకూ మన జాతర తెలుసు. ఇది ఆగదు."

"గంగమ్మకే ఆగని కాయ అదేం కాయమే!"

ఊరిని కాదని ఆ ఊళ్ళో బతకలేరు. వదిన కోయలేదు. బదులుగా డ్రిప్పు కట్టేసింది. కోతకు ముందు నీళ్ళు తగ్గిస్తే టమాటా పగలకుండా నిలుస్తుంది. అదే పద్ధతిలో నీళ్ళు లేకపోతే ఈ కాయా లావెక్కకుండా ఆగుతుందనుకుంది. దోసజాతి అలా కాదు. ఎండలో తీగకు నీరందకపోతే కాయ వంకరపోతుంది, చేదెక్కుతుంది. డ్రిప్పు కట్టేసిన సంగతి ఆమె నాతో అనలేదు. పాపకు ఎండ తగులుతుందేమోనని నేను జాతరంతా నీడ వెతుక్కుంటూ తిరిగాను. తోట వైపు ఎవరమూ పోలేదు.

జాతర అయ్యాక కోస్తే సగం లావు, సగం వంకర. దినేష్ ఒక కాయ కొరికి ఉమ్మేశాడు.

"ఇది పోదక్కా."

"జాతరని ముందే సెప్పినా కదప్పా?"

"ఓడకు జాతర ఏం తెలుసక్కా? డేటంటే డేటే."

"మరి వాళ్ళకు పండగలు లేవా?"

"యాల లేవు? క్రిస్మస్‌కు అంతా మూసేస్తారు. అప్పుడు మేమూ కొనం."

"వాళ్ళ పండక్కి మేము ఆగాల. మా జాతరకు వాళ్ళు ఆగరు. ఇదేం యాపారమప్పా?"

దినేష్ నెల జీతగాడు, ఓడలు అతను చెబితే ఆగవు.

పుంగనూరు మార్కెట్టులోనన్నా అమ్ముడుపోతుందేమోనని క్రేట్లు ఆటోలో వేసుకుని వదినా నేనూ పోయాం. అక్కడ కూరగాయలమ్మే రాణి ఒక ముక్క నోట్లో పెట్టుకుని మొహం ముడిచింది. "ఏందిమే ఇది, కాకరకాయకు సెల్లెలా? తీసకపో తల్లీ, బేరాలు సెడతాయి." తిరిగొచ్చి ఆవు ముందు పోస్తే అదీ మూతి తిప్పుకుంది.

నీళ్ళు పెడితే తీగ కోలుకుంటుందనీ, కొత్త పిందెల్లో చేదుండదనీ దినేష్ ఫోన్ చేశాడు. నేనూ అదే అన్నాను, అది నిజం కూడా. వదిన విని, మళ్ళీ టమాటాయే పెడతానంటూ తోటలోకి పోయింది. దేవేంద్ర వెనకాలే పోయాడు.

"తొందరపడొద్దు. టమాటా పెడతావు సరే, మళ్ళీ బార్డరు మూస్తే?"

"మూస్తే పలమనేరుండాది, మద్రాసుండాది. తెరిసేదాకా దినామూ యార్డుకు పోయి ఆ యాపారిని తిట్టొస్తా. ఈళ్ళను తిట్టాలంటే యాడికి పోయేది? ఓడెక్కాల్నా?"

దేవేంద్రకు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు. ఆమె నవ్వడం లేదు. పూత మీదున్న తీగను మొదట్లో పట్టి లాగింది. బోరు నీళ్ళు వచ్చే ఆ ఒక్క ఎకరాలో, సాలు వెంబడి, ఒక్కొక్క తీగే పెరుక్కుంటూ పోయింది.