బాగున్న బేరింగు

మిల్లులో ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ ఆయన చెవిమేస్త్రి. నూలు మిల్లులో మోటార్ల మంచిచెడ్డలు చూసే ఫిట్టరు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన చేతిలో ఒకటే పనిముట్టు, చెక్కపిడి ఉన్న మూరెడు స్క్రూ డ్రైవరు. తిరుగుతున్న మోటారుకి బేరింగు ఉన్నచోట దాని మొన ఆనించి, పిడిని చెవికి గట్టిగా నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుంటాడు. చుట్టూ ఎంత హోరున్నా ఇనుము లోపలి చప్పుడు పిడిలోంచి తిన్నగా తలలోకి వస్తుంది. కాసేపు విని "పది రోజులు" అంటాడు. పదకొండో రోజుదాకా బతికిన బేరింగు లేదని మిల్లులో చెప్పుకుంటారు. అందులో కొంచెం అతిశయోక్తి ఉంది గాని, మరీ అబద్ధం కాదు.

చెవుల్లో పెట్టుకొమ్మని మిల్లువాళ్ళు పసుపుపచ్చ బిరడాలు ఇచ్చారు. అవి పెట్టుకుంటే మోటారు మాట వినపడదని ఈయన వాటిని పెట్టెలో అడుగున పడేశాడు. ముప్ఫై ఏళ్ళ హోరు ఊరికే పోతుందా? పోయే చెవులేవో పోతాయి, నాకేం కాదులే అనుకున్నాడు. మనందరం అలాగే అనుకుంటాం.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం మొదలైంది. సన్నటి కూత. ఎక్కడో కుక్కర్ విజిలు సగంలో ఇరుక్కుపోయినట్టు. ఫ్రిజ్ అనుకున్నాడు. ప్లగ్గు పీకాడు, ఆగలేదు. నీళ్ళ మోటారుకీ, కరెంటు మీటరుకీ, చివరికి గోడగడియారానికి కూడా స్క్రూ డ్రైవరు ఆనించి విన్నాడు. అన్నిట్లోనూ అదే కూత.

"ఏమైందండీ?" అంది భార్య.

"ఏం లేదు."

ఏం లేకపోవడమేమిటి, కొంప మునిగింది. వీధి చివరికి నడిస్తే అదీ వెంట వచ్చింది. తల అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు. అది తన చెవిలోదేనని సాయంత్రానికి తెలిసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాడు. చెవిమేస్త్రికి చెవి పోయిందంటే ఇక మిల్లులో ఆయన ఎవరు? నూనె డబ్బా పట్టుకు తిరిగే ఒక ముసలాయన, అంతే.

దాచిపెట్టడం మొదలుపెడితే మనిషి తనంతట తనే గోడ కట్టుకుంటాడు. కూతురు ఫోన్ చేస్తే ఆ గొంతు ఈగ రొదలా వచ్చేది, ఒక్క ముక్కా విడిపడేది కాదు. "ఊ ఊ, ఇదిగో అమ్మతో మాట్లాడు" అని ఫోను భార్య చేతిలో పెట్టేసేవాడు. "నాన్నకి నామీద కోపమా?" అని ఆ పిల్ల తల్లినడిగింది. తల్లికీ తెలియదు. వంటింట్లోంచి ఆవిడ ఏమన్నా ఈయన "ఊ" అనే అనేవాడు. అడిగింది ప్రశ్నయినా ఊ, నిష్ఠూరమైనా ఊ. ఎన్నాళ్ళని చెబుతుంది? ఆవిడా మాటలు తగ్గించింది. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా టీ తాగి గ్లాసులు కడిగేవారు. పెళ్ళైన కొత్త నుంచి చాలా ఏళ్ళు ఆవిడా మిల్లులోనే, నేత షెడ్డులో పనిచేసింది. ఆ మగ్గాల చప్పుడులో పెదవుల కదలిక చూసే కబుర్లు చెప్పుకున్న మనుషులు వాళ్ళు. ఇప్పుడు ఇంత నిశ్శబ్దంలో మాట్లాడుకోలేకపోయారు.

మొన్న మంగళవారం నాలుగో నంబరు మోటారు దగ్గర స్క్రూ డ్రైవరు పెట్టాడు. పిడిని చెవికి నొక్కగానే సన్నటి అరుపు. ఎండిపోయిన బేరింగు అచ్చం అలాగే అరుస్తుంది.

"రెండు రోజులు కూడా ఆగదు. ఇవాళే విప్పాలి."

చెవిమేస్త్రి మాటంటే మాటే. ఆ వరస మోటార్లన్నీ ఆపేశారు. మోటారు విప్పి, బేరింగు లాగి, తుడిచి చూస్తే అది అద్దంలా మెరుస్తోంది. గ్రీజు కూడా పచ్చిగానే ఉంది. ఇంజనీరు దాన్ని వేళ్ళ మీద తిప్పాడు. వెన్నలా తిరిగింది.

"బాగానే ఉందే, మేస్త్రీ."

"ముందుజాగ్రత్త సార్," అన్నాడు. ఇంజనీరు అటు తిరిగాక, పక్కనున్న ఐదో నంబరు మోటారుకి స్క్రూ డ్రైవరు ఆనించాడు. అదీ ఆగి ఉంది. దాని కరెంటు కూడా తీసేశారు. అయినా కూస్తోంది. పిడితో చెవి మూసుకున్నప్పుడల్లా తన కూతే తనకి పెద్దదై వినిపిస్తోందని అప్పుడు అర్థమైంది. ఎన్ని నెలలుగా ఎన్ని మంచి బేరింగులు తీసి పారేయించాడో! నలుగురిలో నిలబడి ఏడవలేక పెట్టె సర్దుకున్నాడు.

ఇంజనీరు మంచివాడు. "అందరినీ చెవి పరీక్షకి పంపుతున్నాం, మీరూ ఓసారి వెళ్ళిరండి," అన్నాడు. అందరినీ ఎక్కడ పంపాడు? ఈయన్నొక్కణ్ణే.

పరీక్ష గది చిన్న అలమరంత ఉంది, గోడలకి మెత్తలు కుట్టారు. చప్పుడు వినపడగానే మీట నొక్కమంది పరీక్ష చేసే అమ్మాయి. ఈయన నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"నేనింకా చప్పుడేమీ పెట్టలేదు, బాబాయ్ గారూ."

ఆ మాటతో ఈయన తల దించుకున్నాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ముఖం కనిపించేలా కూర్చుని అడిగింది. "కూత వస్తోందా? ఎన్నాళ్ళ నుంచి?"

రెండేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. అంతా చెప్పేశాడు.

"మీ ఒక్కరికే అనుకుంటున్నారా? పదిమంది పెద్దవాళ్ళు కూర్చుంటే అందులో ఒకరికైనా ఉంటుంది. ఎవరూ బయటికి చెప్పరంతే."

"ఈ కూత వల్లేనా, అమ్మా, నాకు మాటలు వినపడనిది?"

"చాలామందిలో అది తిరగేసి ఉంటుంది. ముందు వినికిడి తగ్గుతుంది. సన్నటి చప్పుళ్ళు పోతాయి, ఆడవాళ్ళ మాటలు, పిల్లల మాటలు సరిగ్గా అందవు. రావాల్సింది రాకపోతే మెదడు ఊరుకోదు, తనే ఏదో ఒకటి వినిపిస్తుంది. చెవికి మిషన్ పెట్టుకుంటే మాటలు బాగా తెలుస్తాయి. కూత కూడా కొంత వెనక్కి తగ్గొచ్చు. పూర్తిగా పోతుందని మాత్రం నేను చెప్పను. మరీ నిశ్శబ్దంగా కూర్చోకండి, ఫ్యానో రేడియోనో పెట్టుకోండి."

ఇంటికొచ్చేసరికి భార్య వంటింట్లో బీన్సు తరుగుతోంది. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. మోటారు విప్పిన సంగతి, ఆగిన మోటారు కూసిన సంగతి, పరీక్ష సంగతి వరసగా చెప్పాడు.

ఆవిడ కత్తి కింద పెట్టింది.

"మీక్కూడానా?"

"అంటే?"

"నాకు పదకొండేళ్ళ నుంచి ఉంది. షెడ్డు మానేసిన ఏడాదే మొదలైంది."

"మరి చెప్పలేదేం?"

"ఏం చెప్పను? మీకేమో గుండుసూది పడ్డా వినిపించే చెవులాయె. నాకు పిచ్చంటారని భయమేసింది. మన పాత టేబుల్ ఫ్యాను గరగరలాడేది చూడండి, అది తిరిగినన్నాళ్ళూ కాస్త నిద్ర పట్టేది. దాన్ని మీరు బాగుచేశారు."

చేశాడు. నాలుగేళ్ళ కిందట, ఒక సెలవురోజంతా కూర్చుని, ఇరుసు తిరిగే చోట అరిగిన బుష్‌లు తీసి కొత్తవి వేశాడు. "ఏదీ, చప్పుడు వినపడుతోందేమో చెప్పు!" అని గర్వంగా అడిగితే, "చాలా బాగుందండీ" అంది ఆవిడ. అంతకుముందు చలికాలంలో కూడా గోడవైపు తిప్పి ఆవిడ ఆ ఫ్యాను వేసుకుంటుంటే, ఏదో అలవాటు కాబోలనుకున్నాడు. ఊళ్ళో మోటార్ల నాడి పట్టినవాడికి పక్క మంచం మీద మనిషి అంతుపట్టలేదు. ఆయనకి తనమీద తనకే అసహ్యం వేసింది.

ఫిట్టరన్నవాడు ఏదీ పారేయడు. పాత బుష్‌లు అటక మీద మేకుల డబ్బాలో ఉన్నాయి. వెలుగుండగానే ఫ్యాను విప్పి, మెరిసే కొత్తవి తీసి, అరిగినవి వేసి బిగించాడు. స్విచ్చి నొక్కాడు. గరగర మొదలైంది. సన్నటివి పోయినా ఇలాంటి ముతక చప్పుళ్ళు ఆయనకింకా అందుతున్నాయి.

"చప్పుడు వస్తోందా?"

"ఆఁ, వస్తోంది."

ఆవిడ కిటికీ వైపు తిరిగి, పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఏదో అంది. అలవాటుగా "ఊ" అనబోయి ఆగిపోయాడు.

"వినపడలేదు. ఇటు తిరిగి మళ్ళీ చెప్పు."

ఆవిడ తిరిగింది.

"పదకొండేళ్ళండీ, అన్నాను."